ప్రభువు బల్ల ఎరుపు

తెనాలి స్టేషన్లో పరుగెత్తడం దేవకుమారికి మూడేళ్ళుగా అలవాటు. రేపల్లె పాసింజరు చెప్పిన టైముకి తెనాలి చేరిన పాపాన ఏనాడూ పోలేదు. అది తీరిగ్గా వచ్చి ఆగేసరికి అవతలి ప్లాట్‌ఫారం మీద చీరాల వైపు పోయే బండి కూత వేస్తూ ఉంటుంది. మెట్లెక్కి, వంతెన దాటి, మెట్లు దిగి, కదలబోతున్న పెట్టెలోకి దూకితే, లోపల కిటికీ దగ్గర హైమావతి, ఆమె పక్క సీట్లో పసుపుపచ్చ సంచి ఒకటి కనపడేవి. ఆ సంచికి వేరే పనేమీ లేదు. దేవకుమారికి సీటు ఆపడమే దాని ఉద్యోగం.

"ఇక్కడెవరైనా ఉన్నారా అమ్మా?" అని ఎవరడిగినా హైమావతి ఒకటే జవాబు చెప్పేది. "మా చెల్లెలొస్తుందండి."

చెల్లెలూ కాదు, చుట్టమూ కాదు. హైమావతిది తెనాలి. వాళ్ళ నాన్న రంగనాయకులు గారికి ఊరి చుట్టూ మాగాణి, ఊళ్ళో రైసు మిల్లు. దేవకుమారిది రేపల్లె. వాళ్ళ నాన్న ఆదాము లూథరన్ గుడి ఊడ్చి, గంట కొట్టి, ఆదివారం పొద్దున్నే బల్ల మీద కొవ్వొత్తులు వెలిగించే మనిషి. వీళ్ళిద్దర్నీ కలిపింది బాపట్ల దగ్గర ఒక పరిశోధన కేంద్రం. దాని పేరు చెప్పను, చెప్పి ఎవరి పరువూ తీయదలచుకోలేదు. హైమావతి అక్కడ ఆరో ఏడు పీహెచ్‌డీ, దేవకుమారి మూడో ఏడు. ఇద్దరికీ గైడు బసవేశ్వరరావు గారే.

రైల్లో ఇద్దరి టిఫిన్ బాక్సులూ తెరిచి, ఒకే గిన్నెలో కలుపుకుని, అందులోనే చేతులు పెట్టి తినేవారు. తెనాలి గోంగూర, రేపల్లె ఎండు రొయ్యల వేపుడు. హైమావతి వాళ్ళింటికి వెళితే మాత్రం అందరికీ కాఫీ స్టీలు గ్లాసులో వచ్చేది, దేవకుమారికి పేపరు కప్పులో వచ్చేది. అది వాళ్ళమ్మ పని, అక్కకేం సంబంధం అని దేవకుమారి సర్దిచెప్పుకుంది. మనకి కావలసినవాళ్ళ విషయంలో మనం ఎంత తొందరగా సర్దుకుపోతామో చెప్పలేను.

ఇక వాళ్ళ పని సంగతి. వరికి అగ్గితెగులు తెచ్చే బూజు ఉందే, అది ఆకు కణంలోకి ఎలా జొరబడుతుందో కణం బతికుండగానే చూడాలి. చచ్చిన కణాన్ని కోసి చూస్తే అది పంచనామా అవుతుంది. ఎవరు ఏ గుమ్మంలోంచి వచ్చారో, ఎటు పోయారో తెలియాలంటే కణం బతికుండాలి, లోపలి రాకపోకలన్నీ జరుగుతూ ఉండాలి. ఆ బూజు తనకంటే ముందు ఒక ప్రోటీన్ను పంపుతుంది. అది మామూలుగా కనపడదు. దానికి జెల్లీ చేప నుంచి తీసిన జన్యువును తగిలిస్తే, నీలం లేజరు పడగానే ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ వెలుగు ఎటు పోతే ప్రోటీను అటు పోయినట్టు.

ఇదంతా ఆదాము ఒక సాయంత్రం శ్రద్ధగా విన్నాడు. "అంటే, మందలో మన గొర్రె తెలియడానికి వీపు మీద రంగు పూస్తారు చూడు, అదేనా?"

"అదే నాన్నా."

"మరి దానికి ఇన్ని పరీక్షలు పాసవ్వాలా?"

హైమావతిది అటువైపు పని. బూజుకి రంగు పూయడం దేవకుమారి వంతయితే, మొక్కకి రంగు పూయడం ఆమె వంతు. దాడి జరుగుతున్న కణం తనను కాపాడుకునే ప్రోటీన్లను చిన్న చిన్న మూటలుగా కట్టి ఆ వైపుకు పంపుతుందని ఆమె ఊహ. ఆ మూటల్ని ప్రోటీన్ బాడీలంటారు. అవి ఎర్రగా వెలిగేలా వరి మొక్కల్ని తయారుచేసింది. మొక్కలు బాగానే పెరిగాయి, కంకి కూడా వేశాయి. ఎరుపు మాత్రం ఐదేళ్ళలో ఒక్కసారి కూడా వెలగలేదు.

"నీ బూజుని నా మొక్కల మీదే వెయ్యవే దేవీ," అంది ఒకరోజు రైల్లో, మొక్కల ట్రే ఒళ్ళో పెట్టి. "ఎప్పుడైనా ఎరుపు కనపడితే నాకే ముందు చెప్పు."

"నీకు కాక ఇంకెవరికి చెప్తానక్కా?" అంది దేవకుమారి. మనసారా అంది.

ఇక్కడ మైనం సంగతి చెప్పాలి. కథంతా దాని మీదే ఉంది.

ఆకు తొడుగు లోపలి పొరను బ్లేడుతో పలచగా చీల్చి, స్లైడు మీద నీటి చుక్కలో పెట్టి, పైన సన్నటి గాజు పలక కప్పుతారు. అంచులు మూయకపోతే అరగంటలో నీరు ఆరి కణం చచ్చిపోతుంది. అందరూ నెయిల్ పాలిష్ పూస్తారు. చచ్చిన కణానికైతే అది చాలు. బతికున్న కణానికి ఆ ఘాటు విషం. అందుకని దేవకుమారి వేజలైను, గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు, తెల్ల మైనం సమానంగా కరిగించి, చిన్న కుంచెతో అంచుల చుట్టూ పూసేది. ఆమె మూసిన స్లైడులో కణాలు నాలుగు గంటలు హాయిగా బతికేవి. ఆ కేంద్రంలో ఇంకెవరి చేతిలోనూ అంతసేపు బతికేవి కావు.

జనవరి మొదటి ఆదివారం మైక్రోస్కోపు ఆమె వంతుకు వచ్చింది. ఆదివారం వంతు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఆమెకి వచ్చింది. సరిగ్గా ఆ రోజే గుడిలో ప్రభువు బల్ల, అందరూ రొట్టే ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. సంవత్సరంలో మొదటి బల్లకి వెళ్ళకపోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. వెళ్ళనని నాన్నకి చెప్పలేకపోయింది. ఆదామే గుర్తుపట్టి, గుడి బీరువాలో బిస్కెట్ల డబ్బా తెరిచి, క్రిస్మస్‌కి బల్ల మీద వెలిగించిన ఎర్ర కొవ్వొత్తి ముక్క ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

"బల్ల దగ్గరికి నువ్వు రాలేకపోతే, బల్ల మీదిది నీతో వస్తుందిలే అమ్మడూ," అన్నాడు.

బాపట్ల చేరి చూసుకుంటే తెల్ల మైనం నిండుకుంది. ఆదివారం, స్టోరు తాళం. బూజు వేసిన ఆకు సోమవారం దాకా ఆగదు. దేవకుమారి సంచిలోంచి ఎర్ర ముక్క తీసి, కాసేపు చేతిలో పట్టుకుని, మనసులో ఒక మాట అనుకుని, కరిగించింది.

ఆ రోజు ఆమె చూసింది ఈ భూమ్మీద ఎందరు చూశారో నాకు తెలియదు. ఆకుపచ్చ చుక్కలు దారంలా పాకే బూజు మెడ దగ్గర ఉంగరంలా గుమిగూడాయి. ఆగాయి. తర్వాత ఒకటొకటిగా గోడ దాటి పక్క కణంలోకి వెళ్ళాయి. బూజు దారం ఆ కణంలో అడుగుపెట్టింది ఆ తర్వాత నలభై నిమిషాలకు. అంతసేపూ ఆ పక్క కణం ఏమీ ఎరగనట్టు తన పని తాను చేసుకుంటూనే ఉంది. ఇంటికి వచ్చింది ఎవరో దానికి తెలియలేదు.

చిత్రం అంచున మాత్రం ఎర్రటి వంపు ఒకటి వెలిగింది. దాని నుంచి రాలిన నలుసులు నాలుగైదు నీటిలో తేలి కణాల మీదికి వచ్చాయి. కొవ్వొత్తిలో కలిపిన రంగుకి లేజరు తగిలి మెరుస్తోందని ఆమెకి వెంటనే అర్థమైంది. పక్క గదికి వెళ్ళి ఉత్త నీటి చుక్కని అదే మైనంతో మూసి చూసింది. అందులోనూ అదే ఎరుపు. నోటుపుస్తకంలో ఇలా రాసుకుంది: "తెల్ల మైనం అయిపోయింది. మా గుడి ప్రభువు బల్ల మీది ఎర్ర కొవ్వొత్తి వాడాను. ఎరుపంతా మైనమే, కణానిది కాదు. లెక్కలోకి తీసుకోవద్దు." ల్యాబులో అందరూ వాడే కంప్యూటర్లో, మైక్రోస్కోపు తీసిన ఆ సినిమాకి పీబీ అని పేరు పెట్టింది. ప్రభువు బల్లకి ఇంగ్లీషు అక్షరాలు రెండు. బల్లకి వెళ్ళని తప్పుని ఎక్కడో ఒకచోట ఒప్పుకున్నట్టుంటుందని.

శనివారం బసవేశ్వరరావు గారు అందరి నోటుపుస్తకాలూ బల్ల మీద వరసగా పెట్టించుకుని, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూ, బొటనవేలు తడి చేసుకుని పేజీలు తిప్పుతూ, ప్రతి పేజీ కింద సంతకం గీకేశారు. ఆయన పద్ధతే అది.

దేవకుమారి రైల్లో చెప్పిందంతా ఆకుపచ్చ గురించే. "నలభై నిమిషాలు ముందే అక్కా! బూజు రాకముందే!" అని చేతులు ఊపుతూ చెబుతుంటే ఎదుటి సీటు పెద్దాయన భయపడి కాళ్ళు ముడుచుకున్నాడు. హైమావతి ఆమెని గట్టిగా కావలించుకుంది. కళ్ళు చెమర్చాయి కూడా.

"ఇంకో రెండుసార్లు చేసి రాద్దాం. అప్పటిదాకా ఎవరికీ చెప్పకే. కళ్ళు పడతాయి."

కొవ్వొత్తి సంగతి దేవకుమారి చెప్పలేదు. దాచి కాదు. మైనం గురించి ఎవరు చెప్పుకుంటారు?

జూన్‌లో ఆదాముకి కంటి ఆపరేషన్ అయితే దేవకుమారి మూడు వారాలు రేపల్లెలో ఉండిపోయింది. ఆగస్టులో తెనాలిలో ఒక కాలేజీ హాల్లో సదస్సు పెట్టారు. "నాదో చిన్న ఉపన్యాసం ఉంది, బోరు, నువ్వు పని చూసుకో" అంది హైమావతి. అక్క మొదటిసారి అంతమంది ముందు మాట్లాడుతుంటే వెళ్ళకుండా ఎలా ఉంటుంది? చెప్పకుండా వెళ్ళి సంతోషపెడదామని, రొయ్యల వేపుడు బాక్సులో పెట్టుకుని, వెనక వరసలో కూర్చుంది.

తెర మీద మూడు పేర్లు వచ్చాయి. మొదట హైమావతి, చివర బసవేశ్వరరావు గారు. మధ్యలో, బస్సులో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నట్టు, దేవకుమారి. తనకి తెలియకుండా తన పేరు అక్కడికి ఎలా వచ్చిందా అనుకునేలోపు సినిమా మొదలైంది.

అదే ఉంగరం. అదే గోడ. అవే నలభై నిమిషాలు. కన్నబిడ్డ ఎవరి చంకలోనో ఉంటే తల్లి ఎలా గుర్తుపడుతుందో అలా గుర్తుపట్టింది. ఒకవేళ పొరపాటు పడుతున్నానేమో అని మనసు ఇంకా అక్క తరఫునే వాదిస్తుంటే, తెర అంచున వాళ్ళ గుడి కొవ్వొత్తి ఎర్రగా వెలిగింది.

"ఇక్కడ ఎరుపు గమనించండి," అంటోంది హైమావతి, చేతిలో కర్రతో ఆ నలుసుల్ని చూపిస్తూ. "ఇవి మొక్క ప్రోటీన్ బాడీలు. పీబీలు. దాడి జరిగే చోటికి కదిలి వస్తున్నాయి. వీటి కోసం నేను ఐదేళ్ళు ఎదురుచూశాను."

హాలంతా చప్పట్లు. దేవకుమారికి ముందు నవ్వొచ్చింది. క్రిస్మస్ కొవ్వొత్తికి ఇంతమంది చప్పట్లు కొట్టడం ఆదాము చూస్తే బాగుండుననిపించింది. ఆ వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. మూడేళ్ళుగా ఒకే గిన్నెలో చెయ్యి పెట్టి తిన్న మనిషి. సంచి పెట్టి సీటు ఆపిన మనిషి.

బయట వరండాలో పట్టుకుంది. "అక్కా, అది నా సినిమా."

హైమావతి మొహం తెల్లబోయి మళ్ళీ మామూలైంది. "నా మొక్కల మీద తీసిందేగా. ఆ ఎరుపు నాదే కదే."

"ఆ ఎరుపు సంగతే అక్కా, అది..."

"ఇప్పుడు కాదు దేవీ. అందరూ చూస్తున్నారు." గుంటూరు నుంచి వచ్చిన పెద్దలతో కలిసి భోజనానికి వెళ్ళిపోయింది. వేపుడు బాక్సు దేవకుమారి చేతిలోనే ఉండిపోయింది.

సోమవారం బసవేశ్వరరావు గారి గదిలో నిలబడింది.

"నీ పేరు ఉందిగా అమ్మా మధ్యలో. హైమావతికి ఇది ఆఖరి సంవత్సరం. నీకింకా టైముంది. అందరం ఒక కుటుంబం లాంటి వాళ్ళం."

"అది కాదు సార్. ఆ ఎరుపు..."

"ఎరుపు ఆ అమ్మాయి పని. ఆకుపచ్చ నీ పని. ఎవరి పని వాళ్ళు చూసుకుంటే గొడవలుండవు." ఆయన ఫోను మోగింది.

ఇద్దరూ ఒకే మాట దగ్గర నోరు నొక్కారు. దేవకుమారి బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. చెప్పబోయింది రెండుసార్లు. మూడోసారి అడుక్కునే ఓపిక ఆమెకి లేదు. ఇకమీదట అడగనిదే చెప్పకూడదనుకుంది. ఇందులో కోపం ఉంది. కోపం లేదని ఆమె తరఫున నేను అబద్ధం చెప్పను. ఆ మర్నాటి నుంచి రైలు మానేసి రేపల్లె నుంచి బస్సులో తిరిగింది. గతుకుల్లో నడుం విరుగుతున్నా తెనాలి వంక చూడలేదు.

ఒకరోజు ఆదాము అడిగాడు. "అమ్మడూ, ఆ తెనాలి అమ్మాయి బాగుందా?"

"బాగుంది నాన్నా. చప్పట్లు కొట్టారు."

ఆ సినిమాతో హైమావతి రాసి పంపిన వ్యాసానికి అక్టోబరులో పత్రిక వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆకుపచ్చ సంగతి అద్భుతంగా ఉంది, ఎరుపు మాత్రం ఇంకొకసారి చూపిస్తేనే అచ్చు వేస్తామన్నారు. హైమావతి మూడు వారాలు మైక్రోస్కోపు ముందు కూర్చుంది. నెయిల్ పాలిష్ పూస్తే కణాలు చచ్చాయి, పూయకపోతే ఎండాయి. ఎరుపు జాడ లేదు. ఆమె కళ్ళ కింద నల్లటి చారలు పడ్డాయి. దేవకుమారి చూసింది, ఆమెకి జాలి కూడా వేసింది. ఒక్కసారి వచ్చి "ఇదెలా వచ్చిందే?" అంటే చెప్పేసి ఉండేదే. రాలేదు. దొంగిలించిన వస్తువులో ఉన్న చిక్కే అది. ఎలా వాడాలో సొంతదారుని అడగడానికి ఉండదు.

చివరికి బసవేశ్వరరావు గారే పిలిచారు. "ఆ సినిమా తీసింది నువ్వే కదమ్మా. నీ చెయ్యి మంచిది. మంగళవారం మా ముందు మళ్ళీ తియ్యి."

అవసరం పడేసరికి సినిమా ఆమెదైంది.

మంగళవారం పొద్దున ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు. దేవకుమారి తెల్ల మైనంతో స్లైడు మూసింది. హైమావతి మొక్క, దేవకుమారి బూజు. రెండు గంటలు గడిచాయి. ఆకుపచ్చ ఉంగరం కట్టింది. గోడ దాటింది. దారం వెనక నుంచి వచ్చింది. నలభై రెండు నిమిషాలు.

"బ్రహ్మాండం," అన్నారు సార్. "మరి ఎరుపేదీ?"

హైమావతి తెరనే చూస్తోంది.

దేవకుమారి లేచి, సంచిలోంచి వేలెడంత ఎర్ర కొవ్వొత్తి ముక్క తీసి, హాట్ ప్లేట్ మీద కరిగించి, అదే స్లైడు అంచున కుంచెతో ఒక గీత గీసింది. ఆరనిచ్చి, గోటితో మెల్లగా నొక్కి, లెన్సు కింద పెట్టింది. తెర అంచున ఎర్రటి వంపు వెలిగింది. నలుసు ఒకటి విడిపోయి, తేలుకుంటూ కణాల వైపు వచ్చింది.

"ఏంటిది?" అన్నారు సార్. ఆయన మొహంలో రంగు లేదు.

"పీబీ సార్. ప్రభువు బల్ల. మా గుడిలో బల్ల మీద వెలిగించిన కొవ్వొత్తి."

దేవకుమారి జనవరి నోటుపుస్తకం తెచ్చి పేజీ తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు. "ఎరుపంతా మైనమే, కణానిది కాదు. లెక్కలోకి తీసుకోవద్దు." ఆ వాక్యం కిందనే ఆయన సంతకం ఉంది. తేదీతో సహా. దాని మీద వేలు పెట్టి రుద్దారు. తుడిస్తే పోయే సిరా కాదది.

"హైమావతీ, ఈ పుస్తకం నువ్వు చూడలేదా?"

హైమావతి తల అడ్డంగా ఊపింది. ఎలా చూస్తుంది? కంప్యూటర్లో ఫైలుకి యజమాని పేరుండదు. ఆ పుస్తకం ప్రతి పేజీ మీదా దేవకుమారి పేరుంది. తెరిస్తే కనపడుతుంది.

సార్ లేచి, ఫోను చేతిలో పట్టుకుని, ఎవరికీ ఫోను చెయ్యకుండానే బయటికి వెళ్ళిపోయారు.

ఇద్దరే మిగిలారు. హైమావతి ఏడుస్తోంది, కానీ మాటలో కోపమే ఎక్కువ ఉంది. "ముందే చెప్పొచ్చు కదే. అంతమందిలో చెప్పేశాను. మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. తెలిసి తెలిసీ నన్ను గోతిలోకి తోశావు."

"వరండాలో చెప్పబోయాను. వినలేదు."

"అప్పుడు కాదు. జనవరిలో. ఎరుపు కనపడితే నాకే ముందు చెప్పమన్నాను. ఫైలు తెరిచి చూస్తే ఎరుపు ఉంది, పీబీ అని పేరుంది. నా ఎరుపు వచ్చింది, ఈ పిల్ల నా దగ్గర దాచిందనుకున్నాను. నువ్వే నన్ను మోసం చేశావనుకున్నాను. ఎంత ఏడ్చానో తెలుసా ఆ రోజు?"

దేవకుమారి ఆ మాటకి తయారుగా లేదు. గైడు ఒత్తిడి చేశాడంటుందనుకుంది, ఆఖరి సంవత్సరమంటుందనుకుంది. వాటికి జవాబులు బస్సులో రెండు నెలలు అల్లుకుంది. ఇది వేరు. మూడేళ్ళు పక్కన కూర్చుని, ఒక్క రెండక్షరాలు చూసి, ఈ పిల్ల దొంగ అని అనుకోగలిగింది. అంత తేలిగ్గా అనుకోగలిగిందంటే, ఆ సంచి పక్కన కూర్చున్నది ఎవరనుకుంది ఇన్నాళ్ళూ? పేపరు కప్పు గుర్తొచ్చింది. ఆ కప్పు ఇచ్చింది వాళ్ళమ్మే. కానీ అది అందుకుని తెచ్చి తన చేతిలో పెట్టింది ప్రతిసారీ హైమావతే.

"అడగొచ్చు కదక్కా," అంది.

కొవ్వొత్తి ముక్క సంచిలో వేసుకుని బయటికి నడిచింది.

వ్యాసం వెనక్కి తీసుకున్నారు. ఎరుపు తీసేసి, ఆకుపచ్చ ఒక్కటీ దేవకుమారి మొదటి పేరుతో పంపుదామని సార్ కబురు చేశారు. ఈసారి నోటుపుస్తకం ప్రతి అక్షరం చదివి మరీ సంతకం పెట్టారట. ఆమెది ఆమెకి వచ్చింది. కొవ్వొత్తి మిగిలిన ముక్క తిరిగి బిస్కెట్ల డబ్బాలోకి వెళ్ళింది. ఆదాముకి సంగతంతా చెబితే, కొత్త అద్దాలు తుడుచుకుంటూ, "రంగు పూసిన గొర్రె ఎవరి దొడ్లో ఉన్నా తెలిసిపోతుందమ్మా" అని నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. గెలిస్తే సంతోషంగా ఉంటుందని ఎవరన్నారో గానీ, వాళ్ళని మోసం చేసినవాళ్ళు వాళ్ళకి బాగా దగ్గరివాళ్ళు అయ్యుండరు.

తప్పు చెయ్యని మనిషి దారి మార్చుకోవడమేంటని ఆ తర్వాతి సోమవారం దేవకుమారి మళ్ళీ రైలెక్కింది. పాసింజరు ఎప్పటిలాగే ఆలస్యం. మెట్లెక్కి, వంతెన దాటి, మెట్లు దిగి, కాళ్ళు వాటంతటవే ఆ పాత పెట్టె దగ్గరికే తీసుకెళ్ళాయి. ఎక్కాక గానీ ఆమెకి తెలియలేదు.

కిటికీ దగ్గర హైమావతి. ఆమె పక్కన పసుపుపచ్చ సంచి.

ఈ రెండు నెలలూ రోజూ పెట్టిందో, ఈ ఒక్క రోజే పెట్టిందో తెలియదు. దేవకుమారిని ఇంకా చూడలేదు. చేపల బుట్ట మోసుకుంటూ ఒక పెద్దావిడ జనంలోంచి దారి చేసుకుని వచ్చి సీటు దగ్గర ఆగింది.

"ఇక్కడెవరన్నా ఉన్నారా తల్లీ? మోకాళ్ళు పడిపోతున్నాయి."

"మా చెల్లెలొస్తుందండి," అంది హైమావతి. తల తిప్పి చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ దేవకుమారి కనపడింది. చెయ్యి సంచి మీద ఆగిపోయింది.

దేవకుమారికి కూర్చోవాలనిపించింది. నిజంగా అనిపించింది. బాక్సులో వేపుడు కూడా ఉంది. ముందుకు వచ్చి, సంచి తీసి, హైమావతి ఒళ్ళో పెట్టింది.

"కూర్చోండి పిన్నీ," అంది ఆ పెద్దావిడతో. "ఇక్కడికి ఎవరూ రారు."

తలుపు దగ్గరికి వెళ్ళి కడ్డీ పట్టుకుని నిలబడింది. బండి కదిలింది. బాపట్ల దాకా నిలబడే వెళ్ళింది.